అడ్డపొగ ఒగ్గిన ఆడవాళ్లు

అడ్డపొగ తాగే మనిషిని వీధి చివర నుంచి చూస్తే నోట్లో చుట్ట ఉందని పోల్చుకోలేం. నిప్పున్న కొస నోటి లోపల ఉంటుంది, చల్లటి కొస పెదాల మధ్య కాస్త బయటికి కనిపిస్తుంది. రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. చేపలు ఎండేస్తూ, చెరువుగట్టు మీద బట్టలు ఉతుకుతూ, మడిలో నాటు వేస్తూ, చంటిపిల్లని ఒళ్లో వేసుకుని పాలిస్తూ శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు తరతరాలుగా ఇలాగే చుట్ట కాల్చారు. మా మామ్మ కాల్చింది. ఆవిడ తోడికోడళ్లు కాల్చారు. మా వీధిలో ఆవిడ ఈడు ఆడవాళ్లలో కాల్చనివాళ్లని వెతుక్కోవాలి.

నేను 1980లలో ఏఎన్ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజరుగా రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా ఈ తీరం ఊళ్లలోనే గడిచింది. అడ్డపొగ వల్ల అంగిలికి ఏమవుతుందో డాక్టర్లు చాలా రాశారు. బయటి నుంచి వచ్చినవాళ్లు వింతగా ఫొటోలు తీసుకున్నారు. ఈ అలవాటు మానినవాళ్లూ ఉన్నారు. ఎవరి తోడుతో మానారో, ఏ ఇంటి అరుగు మీద మానారో ఊళ్లలో ఎవరూ చెప్పుకోరు. ఆ ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు కాబట్టి నాకు తెలిసింది రాసి పెడుతున్నాను.

పొగాకు మన నేలది కాదు. పోర్చుగీసు ఓడల వెంట వచ్చిన మొక్క. పదిహేడో శతాబ్దం నాటికి కోరమాండల్ తీరంలో పండుతోంది. గోదావరి లంకల్లో వరద తెచ్చిపోసిన ఒండ్రులో పండే ఆకుకి లంక పొగాకని పేరొచ్చింది, చుట్టకి అదే మేలని పెద్దవాళ్లు అంటారు. మా వైపు భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి కూలికోసం బర్మా వెళ్లినవాళ్లు కూడా అక్కడి చుట్టల దేశంలో బతికి వచ్చినవాళ్లే. సంతలో ఆకు కట్టలుగా దొరికేది. ఇంటికి తెచ్చి, నీళ్లు చిలకరించి మెత్తబరిచి, ఈనె తీసి, చేత్తోనే చుట్టి, దారం కట్టి ఆరబెట్టేవారు. చుట్ట చుట్టడం రాని పెద్దామె మా చిన్నప్పుడు లేదు.

నిప్పు లోపలికి ఎందుకు తిరిగింది? నేను అడిగిన ప్రతి ముసలమ్మకీ ఒక జవాబు ఉండేది. సముద్రం గాలికి చుట్ట ఆరిపోతుందని, చినుకుల్లో తడిసిపోతుందని, నుసి పిల్లల మీద పడుతుందని, గడ్డివాము దగ్గర నిప్పు రవ్వ రేగుతుందని. లోపల పెట్టుకుంటే ఉమ్మికి తడిసి నిదానంగా కాలుతుంది, ఎక్కువసేపు వస్తుంది. పంటి పోటు తగ్గుతుందని గట్టిగా నమ్మేవారు. కొత్త కోడళ్లు మామగారి కంట పడకుండా కాల్చడానికి ఇదే వీలని మా బాప్ప చెప్పింది. ఈ కారణాల్లో మొదటిది ఏదో ఎవరు తేలుస్తారు? ఒక విషయం మాత్రం నాకు బాగా అర్థమైంది. ఇది తీరికలో పుట్టిన సరదా కాదు. చేతులకి పని తప్పని ఆడవాళ్లు పని ఆపకుండా దొరికించుకున్న ఒకే ఒక్క సుఖం. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండా వాళ్ల దగ్గరికి వెళ్లి "మానెయ్యండి" అని చెప్పినవాళ్లందరూ ఉత్త చేతులతో తిరిగి వచ్చారు.

నేర్చుకోవడం కూడా పనిలోనే జరిగేది. అరుగు మీద కూర్చున్న తాత "పొయ్యికాడ ముట్టించి పట్రాయే" అని చుట్ట మనవరాలి చేతికిస్తాడు. పొయ్యి దగ్గర నిప్పు అంటించి, అరుగు దాకా వచ్చేలోగా ఆరిపోకుండా ఆ పిల్ల రెండు దమ్ములు లాగాలి. కొన్నాళ్లకి తాతకి ఇచ్చే ముందు మూడో దమ్ము లాగుతుంది. పెళ్లయ్యాక మొగుడికి ముట్టించి ఇస్తుంది. విజయనగరంలో పుట్టిన కన్యాశుల్కం నాటకం 1897లో అచ్చయింది, అందులో గిరీశం శిష్యుడు వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పుతాడు. మగపిల్లలకి గిరీశాలు నేర్పారు, ఆడపిల్లలకి పొయ్యి నేర్పింది. పొద్దున్నే ఒక ఇంట్లో పొయ్యి రాజుకుంటే ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆ ఇంటికే వచ్చి చుట్ట ముట్టించుకునేవారు. వీధి కబుర్లన్నీ ఆ నిప్పు దగ్గరే. అప్పులు, కొట్లాటలు, పురుళ్లు, పెళ్లి మాటలు అన్నీ అక్కడే నడిచేవి.

డాక్టర్ల కంట అడ్డపొగ పడింది విశాఖపట్నంలో. అక్కడ వైద్య కళాశాల 1923లో మొదలైంది. ప్రపంచంలో చాలాచోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. విశాఖలో కింగ్ జార్జ్ ఆస్పత్రికి మాత్రం ఉత్తరాంధ్ర పల్లెల నుంచి, ముఖ్యంగా ఆడవాళ్లు, అంగిలి పుండుతో వస్తూనే ఉండేవారు. విశాఖ నుంచి ఎం.జి. కిని, మరో వైద్యుడితో కలిసి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో క్యాన్సర్ సమస్య మీద రాశారు. 1945లో బొంబాయి టాటా మెమోరియల్‌కి చెందిన వి.ఆర్. ఖనోల్కర్, మన దేశంలో అలవాట్లకీ క్యాన్సర్లకీ ఉన్న ముడి గురించి రాస్తూ ఈ చుట్టని కూడా లెక్కలోకి తీసుకున్నారు. 1957లో ఆంధ్ర వైద్య కళాశాలకి చెందిన డి. గోవిందరెడ్డి, కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్‌కి నిప్పు కొస నోట్లో పెట్టుకోవడమే కారణమని వ్యాసం పేరులోనే చెప్పేశారు. ఆయన బృందం పొగాకు తారుకి వేడి తోడైతే ఏమవుతుందో ప్రయోగశాలలో పరీక్షించి 1960లో ప్రచురించింది.

ఆ కాగితాలు నేను చాలా ఏళ్ల తర్వాత చూశాను. గోవిందరెడ్డి గారంటే నాకు గౌరవం. ఆస్పత్రి మంచం దగ్గర ఆగిపోకుండా ఆ రోగి ఇంట్లో పొయ్యి దాకా ఆలోచన పోనిచ్చారు. అయినా ఆ వ్యాసాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అవి అచ్చయిన ఏడాది కూడా మా వీధిలో చుట్టలు ఎప్పటిలాగే కాలాయి.

1966లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ దంతవైద్య పరిశోధకులు ఊళ్ల మీద పడ్డారు. ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్, తర్వాత ప్రకాశ్ గుప్తా ఈ పనికి ముఖ్యులు. కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావనగర్, బీహార్‌లో సింగ్‌భూమ్, దర్భంగా, మన వైపు శ్రీకాకుళం, ఈ 5 జిల్లాల్లో 50,915 మంది పల్లెవాసుల నోళ్లు చూశారు. శ్రీకాకుళం జిల్లాలో చూసిన 10,169 మందిలో నూటికి 43.8 మంది అడ్డపొగ తాగేవాళ్లేనని 1971లో ప్రచురించారు. ఊళ్లో దాదాపు సగం మంది!

ఆ తర్వాత పదేళ్లు అవే ఇళ్లకి మళ్లీ మళ్లీ వెళ్లి, అవే నోళ్లలో ఏం మారిందో రాసుకున్నారు. అంగిలి మీద తెల్లటి దళసరి పొర, అందులో ఎర్రటి చుక్కలు, ఆపై పుండు. కొత్తగా వచ్చిన క్యాన్సర్లు దాదాపు అన్నీ అంతకుముందే మచ్చలున్న నోళ్లలోనే వచ్చాయని ఈ పదేళ్ల పనే తేల్చింది. పుండు పడేలోగా మానితే ఆగుతుందన్న ఆశకి అదే పునాది.

ఆశ దొరికాక ఊరికే చూసి రాసుకోవడం కుదరదు. 1977 ప్రాంతంలో రెండో పని మొదలైంది. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36 వేల మంది పొగాకు వాడేవాళ్లని ఎంచుకున్నారు. ఏటా నోరు చూడటం, ఇంటికే వచ్చి ఆ మనిషితోనే మాట్లాడటం, పోస్టర్లు, సినిమాలు. ఎలా మాట్లాడాలో ఆలోచించి చెప్పే పని మీరా ఆఘీది, ఆవిడ మనస్తత్వ నిపుణురాలు. శ్రీకాకుళం ఆడవాళ్ల అడ్డపొగ మీద ఆవిడ ప్రత్యేకంగా పనిచేశారు. ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. ఎవరూ ఏమీ చెప్పని పాత గుంపుతో పోలిస్తే, చెప్పిన గుంపులో మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఎక్కువ. మూడు జిల్లాల్లోనూ ఫలితం ఒకేలా లేదు, మాననివాళ్లే ఎక్కువమంది. అయినా మానినవాళ్లలో కొత్త మచ్చలు రావడం బాగా తగ్గింది. మందూ మాకూ లేకుండా, మాట సాయంతోనే.

లెక్క చెప్పని సంగతి ఒకటి ఉంది. అది నాకు ఉద్యోగంలో చేరాక అర్థమైంది. చిన్నప్పుడు మా ఊళ్లోకి జీపు వచ్చినప్పుడు డాక్టర్లు టార్చిలైటు వేసి మామ్మ నోరు చూడటం గుర్తుంది. మొదటిసారి భయపడింది. తర్వాత్తర్వాత వాళ్లు వచ్చే రోజులకి ముందు ఆవిడలో ఒక మార్పు. పొద్దున్నే చుట్ట తీసి పక్కన పెట్టేది. "ఆ బాబు ఒచ్చి అడుగుతాడు, ఏటి సెప్పాలి?" అనేది. క్యాన్సర్ భయం ఏడాది పొడవునా ఉండదు. అడిగే మనిషి మళ్లీ వస్తాడన్న ఎరుక మాత్రం ఉంటుంది. నేను చేసిన పనంతా ఆ ఎరుకని ఏడాదికోసారి నుంచి వారానికోసారికి తేవడమే.

ఒంటరిగా మానిన ఆడమనిషిని నేను చూడలేదని చెప్పను. ఉన్నారు, మొగుడు అంగిలి పుండుతో పోయాక మానినవాళ్లు, ఒట్టు పెట్టుకుని మానినవాళ్లు. వాళ్ల గుండె గట్టిది. మిగతావాళ్లు మానింది జట్లుగా. ఒక మత్స్యకారుల వీధిలో ఇద్దరు తోడికోడళ్లది ఒకే పొయ్యి. పెద్దావిడ అంగిలి మీద మచ్చ చూసి అద్దం చేతికిచ్చాను, తన నోరు తానే చూసుకుంది. అప్పటికప్పుడు చుట్ట పారేసింది. మూడో రోజు వెళ్తే మళ్లీ నోట్లో చుట్ట. కోప్పడలేదు, ఎందుకని అడిగాను. "అది పక్కన కూకుని కాలుత్తంటే ఆ కంపుకి నా నోరూరిపోతంది, నాను సెయ్యగలనేటి?" అంది చిన్న తోడికోడల్ని చూపించి. అప్పుడు మాట్లాడవలసింది చిన్నావిడతో అని తెలిసింది. ఆ పిల్ల నోట్లో మచ్చ లేదు, మానాలన్న భయమూ లేదు. "అక్క కోసం నెల్లాళ్లు ఒగ్గుతాను, ఆపైన సూద్దాం" అంది. ఆ నెల్లాళ్లూ ఇద్దరికీ పోట్లాటలే. విసుగు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చేతులు ఊరికే కదలడం. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది పొద్దున్నే. చుట్ట లేకపోతే దొడ్డికి రాదని ప్రతి ఆడమనిషీ నమ్మేది. పొగాకుకి అలవాటైన కడుపుకి కొన్నాళ్లు నిజంగానే అలా ఉంటుంది. లేవగానే చెంబుడు గోరువెచ్చటి నీళ్లు, ఆపైన తరవాణి అన్నం, ఇదే నేను చెప్పిన వైద్యం. పది పన్నెండు రోజులకి కుదురుకుంది. నెల దాటాక చిన్నావిడ మళ్లీ ముట్టించలేదు.

అక్కడి నుంచి పద్ధతి దొరికింది. ఒకే నిప్పు దగ్గర ముట్టించుకునే నలుగురైదుగురిని కలిపి అడగడం. ఒకే రోజు మొదలుపెట్టడం. ఎవరికి నోరూరినా పక్కింటికి వెళ్లి కూర్చోవడం. వేయించిన చింతగింజ, ఎండు ఉసిరి ముక్క, సోంపు, ఏదో ఒకటి దవడన పెట్టుకోవడం. ఒక జట్టులో ఒకామె పంటి పోటు భరించలేక తిరిగి మొదలుపెట్టింది. శ్రీకాకుళం తీసుకెళ్లి ఆ పన్ను పీకించాక గానీ ఆమెకి చుట్ట అవసరం తీరలేదు. ఆ తర్వాత నేను ముందు పళ్లు చూసేదాన్ని, మానమనే మాట రెండోది.

మగవాళ్లు కూడా ఒప్పుకోవాలి. వాళ్లు బీడీ కాలుస్తారా, మానేస్తారా అనేది నేను పట్టుకోలేదు. పెళ్లాం చేత, మనవరాలి చేత ముట్టించుకోవడం మాత్రం మానమని అడిగాను. కొన్ని ఇళ్లలో మానారు. ఒక ముసలాయన అగ్గిపెట్టె కొనుక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఆయన మనవరాలు చుట్ట రుచి ఎరగకుండా పెరిగింది.

ఆ మత్స్యకారుల వీధిలో చుట్టలు చుట్టి అమ్మే ముసలమ్మ ఒకామె ఉండేది. కొడుకులు లేరు. వీధి అంతా మానితే ఆమె పొట్ట మాటేమిటి? ఈ ప్రశ్న వేసింది నేను కాదు, మానిన ఆడవాళ్లే. "దాని నోటికాడ కూడు లాగేసి మనం బాగుపడతామేటి" అని ఒకామె అంది. అందరూ తలా కొంత వేసి బెల్లం జీళ్లు, పప్పుండలు తెచ్చి ఆమె తట్టలో పెట్టారు, బడి పిల్లలకి అమ్ముకోమని. చుట్టలు పూర్తిగా ఆపలేదు, పై వీధివాళ్లకి అమ్మేది. కానీ ఈ వీధి ఆడవాళ్లు అడిగితే ఇవ్వనంది. "నీకివ్వను పోయే, మీ అప్ప సెప్పింది" అని వెనక్కి పంపేది. పొగాకు మాన్పించే కేంద్రాలు, సలహాదారులు ఇప్పుడు ఎందరో ఉన్నారు. అమ్మే మనిషే కావలి కాసిన చోటు ఇంకొకటి నేను చూడలేదు.

మానినవాళ్లు మళ్లీ పట్టుకున్న సందర్భాలు ఎక్కువగా చావు ఇళ్లలో. మా వైపు పెద్దకర్మ నాడు పళ్లెంలో తాంబూలంతో పాటు చుట్టలూ పెడతారు. దుఃఖంలో ఉన్న మనిషికి పక్కవాళ్లు తమ చుట్ట అందిస్తారు. ప్రేమతోనే అందిస్తారు. అందుకే వద్దనడం కష్టం. జట్టులో ఎవరింట చావు జరిగినా మిగతావాళ్లు పదో రోజు దాకా ఆ మనిషి పక్కన ఒకరు విడిచి ఒకరు కూర్చోవడం వాళ్లే పెట్టుకున్న ఏర్పాటు. రాత్రిళ్లు కూడా.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. చదువు దీపం దగ్గర కూర్చున్నవాళ్లు సారా కొట్టు ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించింది. ఆ రోజుల్లో మా ఊళ్లలో కూడా ఊపు వచ్చింది. చుట్ట మీద కూడా అలా లేవాలని ఒక అధికారి మీటింగులో అన్నారు. నాకు అప్పుడే తోచింది, ఇది వేరే పోరు. సారా తాగేది మొగుడు, దెబ్బలు తినేది తను, కాబట్టి కోపం ఎటు చూపించాలో తెలుసు. చుట్ట కాల్చేది తనే. ఆ చుట్ట తనకి ఆకలి మరిపించింది, నొప్పి మరిపించింది, వీధిలో నలుగురితో కూర్చోబెట్టింది. దాన్ని తీసేస్తే ఆ కూర్చోవడం ఎక్కడికి పోవాలి? అందుకే పొదుపు సంఘాలు వచ్చాక నా పని సులువైంది. వారంవారం కూర్చోవడానికి నిప్పుతో పని లేని చోటు దొరికింది. సంఘం మీటింగులో చుట్ట ముట్టించకూడదని కొన్ని సంఘాలు తీర్మానం రాసుకున్నాయి. నిశానీలు వేసిన ఆ పుస్తకం ఒకటి నా దగ్గర ఉంది, నాకు వచ్చిన ప్రశంసాపత్రాల కంటే అది విలువైనది.

ఇప్పుడు గ్యాస్ పొయ్యిలు వచ్చాయి, పొద్దున్నే నిప్పు అడగడానికి ఎవరూ ఎవరింటికీ వెళ్లరు. నలభై దాటని ఆడవాళ్లలో అడ్డపొగ బాగా తగ్గింది, ముసలివాళ్లలో ఇంకా ఉంది. కుర్రవాళ్లకి గుట్కా పొట్లాలు వచ్చాయి, ఆ పుండు బుగ్గలో పడుతుంది. సిగరెట్ పెట్టె మీద, నమిలే పొగాకు పొట్లం మీద 1800-11-2356 అని క్విట్‌లైన్ నంబరు అచ్చు వేస్తున్నారు, డబ్బు కట్టక్కర్లేదు. మంచి పని. ఫోను చేసి మాట్లాడే ధైర్యం ఉన్న కుర్రవాళ్లకి నేనే ఆ నంబరు రాసిస్తాను. అయితే డెబ్భై ఏళ్ల ముసలమ్మ ఫోన్లో ముక్కూమొహం తెలియని మనిషికి నోరు తెరిచి చూపించలేదు.

ఆశా కార్యకర్తలకి శిక్షణలో మాట్లాడమని ఇప్పటికీ పిలుస్తుంటారు. పొగాకు వాడతారా అని వాళ్లు నింపే కాగితంలో ఒక గడి ఉంటుంది. ఆ పిల్లల్ని నేను అడిగేది ఇంకొక్క గడి గీసుకోమని: ఈమె ఎవరితో కలిసి కాలుస్తుంది? ఆ పేరు రాసుకుంటే రెండో ఇల్లు ఏదో తెలుస్తుంది. రెండిళ్లకీ ఒకే రోజు వెళ్లాలి, మళ్లీ మూడో రోజున వెళ్లాలి. మా వైపు మూడో రోజే గడ్డు రోజు.